అరువు గొంతు

రామబ్రహ్మం వస్తూనే టీవీ కట్టేశాడు.

"చివరి భాగమండీ. ఇదొక్కటీ చూడనివ్వండి," అంది భార్య రాజకుమారి.

"వద్దు."

అది తెలుగులోకి డబ్బింగు చేసిన అమెరికా సీరియల్. ఇళ్లలోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లల్ని ఒకామె చేరదీస్తుంది. తళుకుల గౌన్లు తొడిగి, బాల్ అనే ముస్తాబు పోటీల్లో నడిపిస్తుంది. పిల్లలంతా ఆమెని అమ్మా అంటారు. ఆ అమ్మకి తెలుగు గొంతు ఎవరిదో ఎక్కడా పేరు వేయలేదు. కన్నతల్లికి పేరెందుకు? నితిన్‌గా పుట్టి, నేను ఆడపిల్లనని చెప్పినందుకు రామబ్రహ్మం నాగాయలంక నుంచే తరిమేసిన తమ బిడ్డది ఆ గొంతు. ఆయన రొయ్యల చెరువుకి వెళ్లాక రాజకుమారి రోజూ ఆ గొంతు వింటోంది.

"మీకెలాగూ దాని ఊసే గిట్టదు. నన్నన్నా విననివ్వండి."

"ఆ అమ్మ ఇవాళ చచ్చిపోతుంది రాజీ. ఆ గొంతుతో అది నువ్వు వినలేవు."

"మీకెలా తెలుసు?"

రామబ్రహ్మం గుమ్మానికి ఆనుకుని కూలబడ్డాడు.

"రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని, ఫోన్లో అన్నీ చూశాను. పోయేముందు తండ్రిని తలుచుకుని ‘నాన్నా’ అని పిలుస్తుంది."

రాజకుమారి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"చుట్టూ ఎవరూ లేరు గదా అని, ‘ఏం తల్లీ’ అని పలికాను."