తప్పిపోతే ఏం చేయాలి

“తాత కనపడకపోతే ఏం చేస్తావు?”

“ఏడవను.”

“తర్వాత?”

“తమ్ముడి చెయ్యి వదలను. ఎక్కడున్నామో అక్కడే నిలబడి, యూనిఫాం వేసుకున్న అక్కని పిలుస్తాను. ఆవిడ మమ్మల్ని తప్పిపోయిన పిల్లల గదికి తీసుకెళ్తుంది,” గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది ఏడేళ్ళ పెద్దది. “ఎన్నిసార్లు అడుగుతావు తాతా? ముందు ఏ రైడ్లు ఎక్కాలో చూడు!”

దర్జీ తాత కత్తిరింపు బల్ల మీద ఇవాళ గుడ్డకు బదులు థీమ్ పార్కు మ్యాపు పరిచి ఉంది. పిల్లలు అలాంటి చోటికి వెళ్ళడం ఇదే మొదలు. బొమ్మరైలు, నీళ్ళ జారుడుబల్ల, ఇంత ఎత్తున రంగులరాట్నం, అన్నీ ఉన్నాయందులో. తాత మాత్రం అన్నిటికంటే ముందు తప్పిపోయిన పిల్లల గది ఎక్కడుందో వెతికి, సుద్దతో సున్నా చుట్టాడు. ముసలాయనకి భయం ఎక్కువ మరి. రెండేళ్ళ క్రితం కూతురూ అల్లుడూ ఒకే ప్రమాదంలో పోయిన దగ్గర్నుంచి, ఈ ఇద్దరూ కళ్ళెదుట లేకపోతే ఆయనకు ఊపిరాడదు.

“నువ్వు ఎంతసేపట్లో వస్తావు?” అడిగింది పెద్దది.

“వంద లెక్కపెట్టు.”

“వందయ్యాక?”

“మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు.”

“నాకు వంద తర్వాత కూడా వచ్చుగా!”

“అయితే ఇంకా మంచిది,” అంటూ తాత టేపు తీసి నాలుగేళ్ళ బుడ్డోణ్ణి గోడకి ఆనించి నిలబెట్టాడు. వాడు మునివేళ్ళ మీద లేచాడు. తాత వాడి భుజాలు కిందికి నొక్కి మళ్ళీ కొలిచాడు. రంగులరాట్నం ఎక్కడానికి ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తు తక్కువ. వాడి మొహం వాడిపోయింది.

“మూతి అలా పెట్టకురా, పిచ్చుకొచ్చి వాలుతుంది. వచ్చే ఏడాది ఎక్కుదువుగానిలే.”

ఇద్దరికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టాడు తాత. నీలం మీద పసుపు గీతలు. వెయ్యిమందిలో ఉన్నా వీళ్ళు ఒక తల్లి పిల్లలని ఎవరికైనా ఇట్టే తెలిసిపోవాలని ఆయన పట్టుదల. పక్కింటావిడ, తాత తనింట్లో మర్చిపోయిన మందుల చీటీ ఇచ్చిపోదామని వచ్చి, ఆ చొక్కా ఎత్తి చూసి పకపకా నవ్వింది.

“చొక్కానా బస్తానా బాబాయ్‌గారూ ఇది? మన బుడ్డోడిలాంటివాళ్ళు ఇద్దరు పడతారిందులో!”

“పెరిగే పిల్లలమ్మా.”

“రేపు ఒక్కరోజులో ఎంత పెరుగుతారేంటి?”

తాత పిల్లల్ని నీళ్ళ సీసాలు కడగమని వంటింట్లోకి తోలాడు. ఆవిడ గొంతు తగ్గించింది. “డాక్టరేమన్నాడు?”

“రెండు నెలలు గడిస్తే గొప్పేనన్నాడు.”

ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. “మరి ఆ పిల్లల హోముకి వెళ్ళొచ్చారుగా?”

“తాత ఉండగా తీసుకోరట. ఎవరూ లేని పిల్లలకే చోటట.”

“అయ్యో! మరి తర్వాత?”

“తర్వాత ఎవరి చేతికి దొరికితే వాళ్ళకి. దీన్నొక చోటికీ, వాణ్ణొక చోటికీ పంపినా అడిగే దిక్కుండదు.” చావంటే ఆయనకు బెంగ లేదు. ఉన్న బెంగల్లా వీళ్ళిద్దరినీ ఎక్కడ విడదీస్తారోనని.

“నేనే చూసుకుందును, కానీ...”

“ఇరుకు కొంపలో నలుగురితో వేగుతున్నావు. నిన్ను అనడానికి నాకు నోరెలా వస్తుందమ్మా?”

“పోనీ ఈ ఒంటితో ఆ జనంలోకి ఎందుకు? మానుకోండి బాబాయ్‌గారూ. దారిలో మీకేమైనా అయితే?”

“పాపం పసివాళ్ళు. ఒక్కరోజైనా కడుపారా నవ్వనీ.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తాత మిషను ముందు కూర్చుని, నిండా రాసిన కాయితం ఒకటి నాలుగు మడతలు పెట్టి, పెద్దదాని గౌను అంచులో దోపి కుట్టడం మొదలెట్టాడు. పెద్దది ఎప్పుడొచ్చిందో వచ్చి భుజం మీంచి తొంగిచూసింది.

“ఏం రాశావు తాతా? అంతుందేంటి?”

“మీ పేర్లు, వయసులు. బుడ్డోడికి వేరుశనగలు పడవని. చీకటంటే భయమని. నువ్వు పక్కనుంటేనే నిద్రపోతాడని.”

“నీ ఫోన్ నంబరు రాశావా?”

“ఫోన్ పాడైందిగా.”

“మరి మన ఇంటి అడ్రసు?”

“అడ్రసు ఎవరికీ చెప్పకూడదని నీకు చెప్పానా లేదా?”

“చెప్పావులే,” అని విసుక్కుని, పెద్దది తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది. తాత వేసిన కుట్టు వంకర పోయింది. ఇంత బతుకులో వంకర కుట్టు వేసిన మనిషి కాదాయన. విప్పి మళ్ళీ కుట్టాడు.

సాయంత్రం పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టి, బస్టాండులో ముందుగా టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీ వెనక కుర్రాడు మంచి హుషారు మనిషి.

“పొద్దున్న ఏడింటి పార్కు బస్సుకి, ఒక పెద్ద, రెండు పిల్లలు. ఇదిగోండి పెద్దాయనా. పిల్లలకి పార్కు కొత్తా?”

“ఇదే మొదలు బాబూ.”

“అయితే మీ పని అయిపోయిందన్నమాటే! మావాడు ఇంటికి రానని గేటు పట్టుకుని వేలాడాడు. ఇద్దరం పట్టి లాగితేగానీ ఊడిరాలేదు.”

తాత నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు. డబ్బులు లెక్కపెట్టి కిటికీ గట్టు మీద పెట్టాడు.

“తిరుగు బస్సుకి కూడా ఇప్పుడే తీసేసుకోండి. సాయంత్రం కాలు పెట్టే చోటుండదు,” అన్నాడు కుర్రాడు మీట మీద వేలు పెట్టి. “అవీ మూడేనా?”

“ఒకటి చాలు,” అన్నాడు తాత.