అత్తగారి సైకిలు పాఠం

"కాదు అల్లుడూ, కాదు! మళ్ళీ అదే తప్పు!"

అత్తగారు నెత్తి కొట్టుకుంది. అల్లుడు సైకిలు పట్టుకుని తల దించుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపిద్దామంటే దుత్త కూడా లేదాయె. సైకిలు చక్రాన్నే మెల్లిగా ఓ తన్ను తన్నాడు.

ఆదివారం అందరి ముందూ ఆ సైకిలు విద్య చేసి చూపించాలి. కుదిరితే అత్తగారి ఉద్యోగం అల్లుడికి వస్తుంది. కుదరకపోతే యజమాని బావమరిదికి పోతుంది. వాడు గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాడు. ఆవిడకేమో మోకాళ్ళు అరిగిపోయాయి. అల్లుడికి వేరే పని లేదు, భార్యకి ఏడో నెల.

"ఎక్కడ చెడిందో నువ్వే చెప్పు," అంది అత్తగారు.

"మలుపు దగ్గర భయమేసిందండీ. హ్యాండిల్ గట్టిగా పట్టేసుకున్నా."

"ఆఁ, అదీ సంగతి! తప్పెక్కడో దొరికిందిగా, ఇక సగం వచ్చేసినట్టే. ఎక్కు."

ఈసారి చేతులు బాగానే వదిలాడు. కాళ్ళు మోసం చేశాయి. టక్కున కాలు కింద ఆనించేశాడు.

"కాలు పెడలు మీదే ఉండాలి! మళ్ళీ!"

మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ చెడింది.

"నేల వంక ఎందుకయ్యా ఆ చూపులు? నేలెక్కడికీ పారిపోదు!"

గుమ్మంలో కూర్చుని ఆయన చొక్కాకి గుండీలు కుడుతున్న భార్య కిసుక్కున నవ్వింది.

"అమ్మా, మా ఆయన్ని కాస్త బతకనివ్వవే."

"నువ్వూరుకో. నేను నేర్చుకునేటప్పుడు మీ తాత ఇంతకు రెండింతలు తిట్టాడు."

శనివారం యజమాని వచ్చి చూశాడు. పెదవి విరిచాడు.

"ఇతనివల్ల కాదమ్మా. ఇలాంటివి పుట్టుకతో రావాలి."

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది.

"పుట్టుకతో ఎవరికొస్తాయండీ? పాడుచేసుకుంటూ పోతే అవే వస్తాయి. రేపు చూడండి!"

అనేసింది గానీ, గుండెల్లో రాయి పడింది ఆవిడకి.

ఆదివారం జనం కిటకిటలాడిపోతున్నారు. అల్లుడు సైకిలెక్కాడు. చేతులు వదులుగా ఉన్నాయి. కాళ్ళు పెడళ్ళ మీదే ఉన్నాయి. చూపు ఎదురుగా ఉంది. మలుపు వచ్చేసింది. అత్తగారు గట్టిగా కళ్ళు మూసుకుంది.

ధడేల్!

కళ్ళు తెరిచి చూసిన అత్తగారికి ఆనందంతో ఏడుపొచ్చేసింది: ఏళ్ళ తరబడి సైకిలు మీద పాలక్యాన్లు మోసినా ఒక్కనాడూ కిందపడి ఎరగని అల్లుడు, ముక్కుకి పెట్టుకున్న ఎర్రబంతి ఊడకుండా బోర్లాపడి, సర్కస్ డేరా మొత్తాన్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తున్నాడు.