ఏడు కిలోల సంచిలో గడ్డం సామాను

పోలమ్మ పాత సేఫ్టీ రేజరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పనికొస్తాదా బాబూ?"

"పనికిరాదు పిన్నీ," అన్నాడు ఏబెల్. "బ్లేడు విడిగా ఊడొచ్చేదేదీ సేతిసంచిలో విమానం ఎక్కనివ్వరు."

ఏబెల్ పూరీ గేట్ పేటలో పోలమ్మ పక్కింటివాడు. టికెట్లు తీసే ఆఫీసులో పనిచేస్తాడు. మంగళవారం కలకత్తా నుంచి డెహ్రాడూన్‌కి ఒక టికెట్టు, బుధవారం తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు తీసిపెట్టింది అతనే. పెద్ద పెట్టెలకి చోటు లేని టికెట్లు. ఏడు కిలోల చేతిసంచి ఒక్కటే.

శుక్రవారం పోలమ్మ కూతురు మీనాకుమారి పెళ్ళి. పిల్ల తండ్రి ఉమాశంకర్ ఊళ్ళో లేడు. మగపెళ్ళివారు మంచివాళ్ళు. ఏమీ అడగలేదు, ఒక్కటి తప్ప. తల్లీ తండ్రీ ఇద్దరూ పీటల మీద కూర్చుని పిల్ల చెయ్యి అందివ్వాలి. తండ్రి బతికుండగా ఆ పీట మీద పెదనాన్నని కూర్చోబెడితే పెళ్ళి జరగదని కచ్చితంగా చెప్పేశారు.

"అక్కడ దిగినాక కొనుక్కోవచ్చు కదేటి?"

"దుకాణం ఎతుక్కునే తీరుబడి ఉండదు బాబూ. ఆయన ఊఁ అన్న నిమిషంలో అయిపోవాల."

ఏబెల్‌కి అది సబబుగానే తోచింది. ఉమాశంకర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో అతని చేత ఊఁ అనిపించడానికి ఫోర్‌మన్‌కి సగం షిఫ్టు పట్టేదట.

"ఇంతకీ బాబాయి అక్కడ ఏటి సేస్తన్నాడు?"

పోలమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ఎవరడిగినా ఒకటే చెబుతుంది.

"పెద్ద సంస్థ. ఆయన కింద నలభై మంది ఉన్నారట. కూకున్న సోటికే అన్నీ వస్తాయట."

"ఒక ఫోనైనా సెయ్యడేం?"

"మాటాడ్డం తగ్గించేసినాడు. కలవాలంటే ముందు మనం పేరు రాయించుకోవాల."

"ఫిట్టరుగా ఎల్లి ఎక్కడికో ఎల్లిపోనాడు పిన్నీ బాబాయి!"

"అదే నానూ అంటన్నాను," అంది పోలమ్మ.

ఏబెల్ లేవబోతూ ఆగాడు. "ఒక్క మాట. తిరిగొచ్చినప్పుడు ఆధార్ కార్డులో ఫొటోకీ బాబాయి మొహానికీ పోలిక కుదరాల. నేకపోతే గేటు కాడే ఆపేస్తారు."

కార్డు పోలమ్మ దగ్గరే ఉంది. తీసి చూసింది. నున్నగా గీసిన చెంపలు, సన్నటి మీసం.

"కుదురుతాది," అంది.

సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరూ గోల్‌బజార్‌కి వెళ్ళారు. వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే కావడంతో దుకాణం నడిపే బెంగాలీ దాదాకి తెలుగు పట్టుబడింది, యాసతో సహా.

"ఏటి కావాల దీదీ?"

"విమానంలో ఒప్పుకునే రేజరు."

దాదా కార్ట్రిడ్జ్ రేజర్లు వరసగా పేర్చాడు. రెండు బ్లేడ్లది, మూడు బ్లేడ్లది, ఐదు బ్లేడ్లది.

"గడ్డం మెత్తనా, గట్టా?"

"గట్టిదే. మనిషీ గట్టోడే."

"అయితే ఐదు బ్లేడ్లది. ఒక్క కార్ట్రిడ్జ్ నెల్లాళ్ళొస్తాది."

"ఆరు ఇవ్వు."

"ప్రయాణం ఎన్నాళ్ళు దీదీ?"

"రెండ్రోజులు."

ఆడవాళ్ళకి ఈ సామాన్ల లెక్క తెలియదులే అనుకుని దాదా ఆరూ ఇచ్చాడు. బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్ కూడా ఇమ్మంది. దానికేం అభ్యంతరం ఉండదని ఏబెల్ చెప్పాడు. నురగ డబ్బా పెద్దది వద్దు, వంద మిల్లీలీటర్లు దాటకూడదు. మీనాకుమారి అంకెలు చదివి చిన్న ట్యూబు ఏరింది.

బయటికొచ్చాక ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. "నాన్న వస్తాడంటావా అమ్మా?"

"ఒక్కసారి తన మొహం తను అద్దంలో సూసుకుంటే వస్తాడు."

"సూసుకోకపోతే?"

పోలమ్మకి భయం వేసింది. పిల్ల ముందు బయటపడడం ఇష్టంలేక, అటుగా పోతున్న టోటో రిక్షాని గట్టిగా కేకేసి ఆపింది.

మంగళవారం కలకత్తా విమానాశ్రయంలో ఖాకీ చీర కట్టినామె సంచి తెరిపించింది. ఇస్త్రీ చేసిన మగ చొక్కా, పంచె. వాటి కింద గడ్డం సామాను. ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసింది.

"యే కిస్కా హై?"

"మేరా ఆద్మీకా."

"వో కహాఁ హై?"

మొగుడు ఎక్కడున్నాడంటే పోలమ్మ ఉత్తరం వైపు చెయ్యి చూపించింది. సామాను నిబంధనల ప్రకారమే ఉంది. ఆమె వదిలేసింది.

విమానంలో పోలమ్మకి పాత ప్రయాణాలు గుర్తొచ్చాయి. పరిగెత్తే రైల్లో తలుపు పక్క బేసిన్ దగ్గర, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్క గాటు పడకుండా గీసుకునేవాడు ఉమాశంకర్. మాసిన గడ్డంతో అత్తారింటి గడప తొక్కితే రైల్వేకే పరువు తక్కువ అనేవాడు. ఆ మనిషి మీద ఆమెకి ఇప్పటికీ బోలెడంత ప్రేమ ఉంది. అంతకు రెట్టింపు కోపం కూడా ఉంది.

డెహ్రాడూన్‌లో దిగి గంటసేపు బస్సులో వెళ్ళింది. ఆ సంస్థ గేటు దగ్గర పేరు రాయించుకుంటే చెప్పులు విప్పించి, టోకెను చేతికిచ్చి, హాల్లో కూర్చోమన్నారు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తులేవు.

నూట నలభై రెండో నంబరు పిలవగానే పోలమ్మ లేచి, వేదిక మెట్లెక్కి, మూడొందల మంది భక్తులు చూస్తుండగా, కళ్ళు మూసుకుని మౌనవ్రతంలో ఉన్న స్వామీజీ బొడ్డుదాకా వేలాడే గడ్డాన్ని గుప్పిట పట్టుకుని, "ఇక లెగండి, మన మీనా పెళ్ళి," అంది.