గిజిగమ్మ అల్లిక

ఈతచెట్టు మీద గిజిగమ్మ అనే పిట్ట ఉండేది. ఆమెకు ముగ్గురు పిల్లలు. అడిగినవాళ్లకు గూళ్లు అల్లిపెట్టి, వాళ్లిచ్చిన గింజలతో పిల్లల్ని సాకేది.

చెరువులోని కొంగదొర ఆమె అల్లిక మెచ్చాడు. అప్పటినుంచి ఆమెకు రోజంతా ఆయన పనే. పిచ్చుక వచ్చి అడిగితే "తీరిక లేదు" అనేసింది. ఉడుతకూ అదే మాట.

ఆ వేసవిలో చెరువు ఎండింది. కొంగదొర ఎగిరిపోయాడు. పిల్లలు ఖాళీ నోళ్లు తెరిచి చూస్తున్నారు. గూట్లో ఒక్క గింజ లేదు.

ఉడుత పక్కమట్ట మీదికి వచ్చింది. "ఏం వదినా, దొరగారు గింజలు పంపలేదా?"

"ఎగతాళి చెయ్యకు."

"లేదులే. ఒకటి అడుగుతా. గూడు మట్టకు కట్టేటప్పుడు ఎన్ని పోచలు వేస్తావు?"

"చాలా వేస్తాను. ఒక్క పోచ మీద గూడు ఆగుతుందా?"

ఆ మాట గిజిగమ్మకే తగిలింది. తర్వాత తనే పిచ్చుక ఇంటికి వెళ్లింది. పని అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగింది.

"ఇప్పుడు తీరిందా అక్కా?" అంటూనే పిచ్చుక తన చిరిగిన గూడు చూపించింది.

వానలు పడ్డాయి. కొంగదొర తిరిగొచ్చాడు. "మిగతావాళ్లవి వదిలెయ్యి. రేపటినుంచి నా పనే చూడు."

పిల్లలు తల్లి ముఖంలోకి చూశారు.

"మీదీ అల్లుతాను దొరా. పిచ్చుకది, ఉడుతది, గోరువంకది అయ్యాక."

కొంగదొర ఒంటికాలి మీద చాలాసేపు నిలబడ్డాడు. చివరికి, "ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు.