పేరుగల గిన్నెలు

“అమ్మా, మీ పేరు ఉషా?” గిన్నె అంచు తిప్పి చూస్తూ అడిగాడు అబ్రహాము.

“కనకలక్ష్మి గదయ్యా! ఇందాకేగా పాస్‌పోర్టు చూశావు?”

“దీని మీద ఉష అని కొట్టుంది. దీని మీదేమో ఫాయిజా. ఈ పెద్దదాని మీద ప్రభావతి. ఇంట్లో మొత్తం ఎంతమందమ్మా?”

“ఇద్దరమే” అన్నాడు గురునాథం, అట్టపెట్టెకు టేపు వేస్తూ. “మిగతావాళ్లంతా గిన్నెల్లో కాపురం.”

కనకలక్ష్మి నవ్వలేదు. గిన్నె లాక్కుని చూసింది. నిజమే. గోతంలో ఉన్న పదకొండు గిన్నెల మీదా ఎవరెవరివో పేర్లు.

అబ్రహాము ఓడ మీద సామాను పంపే కంపెనీ మనిషి. ప్రతి వస్తువూ చూసి జాబితాలో రాసుకుంటే గానీ పెట్టెకు మూత పడనివ్వడు. పదకొండింటికల్లా లారీ చిలకలూరిపేట దాటాలి. చెన్నై రేవులో కంటైనరుకు అందాలి. అతను కంటైనరు అన్నప్పుడల్లా గురునాథం “కంటనీరు” అని సరిచేస్తున్నాడు.

ఇరవై రెండేళ్లు ఇక్కడి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసిన గురునాథాన్ని, టాంజానియాలో పత్తి మిల్లు వాళ్లు పిలిచి మరీ పనిలో పెట్టుకున్నారు. ఆర్నెల్లు ముందు వెళ్లి, ఇల్లు చూసుకుని, ఇప్పుడు భార్యనూ సామాన్నీ తీసుకెళ్లడానికి వచ్చాడు. “దిగేది దారెస్సలాములో. దారిలో కనపడ్డోళ్లందరికీ సలాం కొట్టటమే మన పని” అని వారం నుంచి వీధంతా చెప్పి, వీధి చేత నవ్వించుకుంటున్నాడు.

“ఆదివారం భోజనాల్లో తారుమారయినయ్యి” అంది కనకలక్ష్మి.

వాళ్లు వెళ్లిపోతున్నారని ఆదివారం వీధివాళ్లంతా కలిసి భోజనాలు పెట్టారు. గిన్నెలు చాలవంటూ పక్కింటి ఉష వచ్చి ఈమె గిన్నెలన్నీ పట్టుకుపోయింది. మూడు రోజులుంచుకుని, నిన్న సాయంత్రం గోతంలో మూటకట్టి తెచ్చింది. “అన్నీ తోమేశానక్కా. మళ్లీ విప్పమాక, ఇట్టాగే పెట్టెలో పెట్టేసెయ్యి” అని కూడా చెప్పింది.

తారుమారు కాక చస్తాయా! వీధి మొత్తానికీ గిన్నెలు ఒకటే రకం. కోటప్పకొండ తిరునాళ్లలో ఆడవాళ్లంతా ఒకే కొట్టు ముందు మూగి, గుత్తగా బేరమాడి కొన్నవి. గుర్తు కోసం అందరూ పేర్లు కొట్టించుకున్నారు, ఒక్క కనకలక్ష్మి తప్ప. “పేరున్నయ్యన్నీ వాళ్లయి, పేరు లేనియ్యి మనయ్యి. ఇంకా మనకెందుకే?” అన్నాడు అప్పట్లో గురునాథం.

“పోన్లెండమ్మా. ‘స్టీలు గిన్నెలు, పదకొండు’ అని రాసుకుంటా. పేర్లు కస్టమ్స్‌వాళ్లు చూడరు” అన్నాడు అబ్రహాము.

“కస్టమ్స్ చూడకపోయినా మా కష్టమ్స్ చూసిందిగా!” భార్యను చూపించాడు గురునాథం.

“నవ్వులాటగా ఉందా నీకు?” ఆమె గొంతు పైకి లేచింది. “నువ్వక్కడున్నప్పుడు నా కాలు విరిగితే, రెణ్ణెల్లు నన్ను పొయ్యి ఎలిగించనిచ్చారా వీళ్లు? పొద్దున ఉష ఉప్మా, మజ్జానం ఫాయిజా పప్పుచారు, రాత్రికి ప్రభావతి పిన్ని చపాతీలు. అంత తిండి పెట్టినోళ్ల గిన్నెలు ఎత్తుకుపోనా? వాళ్ల పేర్లు పట్టుకుపోతే ఇక్కడ నా పేరేం గాను?”

“జిన్నింగు మనిషిని గిన్నింగులోకి లాగమాకే” అని గొణిగి, మళ్లీ టేపు అందుకున్నాడు గురునాథం.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం కనకలక్ష్మికి చేతకాదు. మూడు చిన్న గిన్నెల్లో గుప్పెడేసి పంచదార పోసి, మిగతావి గోతంలో వేసి ఈడ్చుకుంటూ బయల్దేరింది.

ఎదురింటి ఫాయిజా గిన్నె మీది పేరు చూసింది, పంచదార చూసింది, కనకలక్ష్మి మొహం చూసింది.

“ఇది మాది కాదక్కా.”

“ఫాయిజా అనుంటే నీది కాక నాదా?”

“పంచదార తీసుకుంటా. గిన్నె మాత్రం మాది కాదు, ఒట్టు!” చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

“నువ్వన్నా తీసుకో పిన్నీ” అని ప్రభావతి ఇంటికి పోయి ఆమె చేతిలో గిన్నె పెట్టబోయింది.

“కళ్లజోడు లేందే నాకు అచ్చరాలు ఆనవే.”

“అచ్చరాలెందుకు? గిన్నెను చూడు!”

“చూశా. మాది గాదు. మాయన్నీ గూట్లోనే ఉన్నయ్యి.”

“మరి నా గిన్నెలేమైనట్టు?”

“మా ఇంట్లో అయితే లేవమ్మా. కావాలంటే ఎతుక్కో.”

లారీ హారను మోగింది. “అమ్మా, పదకొండవుతోంది!” అబ్రహాము కేక.

కనకలక్ష్మి ఉష వాళ్ల అరుగు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుంటుంటే కొంగు తడిసిపోతోంది.

“ఎందుకు ఒప్పుకోరో నాకు తెలుసులే. పెట్టిన తిండి చాలదని గిన్నెలు గూడా ఇచ్చి పంపుతున్నారు. ఆ తిండి రుణమే ఏ జన్మకు తీరుద్దో తెలవటంలా. ఇంక నేను మొయ్యలేను. ఇయ్యన్నీ ఇక్కడ పెట్టి పోతున్నా. అక్కడ మట్టికుండలో వండుకుంటా.”

గిన్నెలు ఒక్కొక్కటే అరుగు మీద పెట్టసాగింది. ఉష లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఫాయిజా, ప్రభావతి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు.

“చెప్పెయ్యవే ఉషా” అంది ప్రభావతి. “ఆడికి పోయినాక చూసుకుంటదనుకున్నాం. ఇట్టా ఏడిపించి పంపుతామా?”

ఉష పంచదార పక్కకు ఒంపి, పదకొండు గిన్నెలూ మళ్లీ గోతంలో సర్దింది. మూతి బిగించి కట్టి, తెచ్చి కనకలక్ష్మి ఒళ్లో పెట్టింది.

“గిన్నెలు నీయే అక్కా, పేర్లే మాయి.”