ఆమడదూరం తాత

ఇప్పుడిప్పుడే నడక నేర్చిన పిల్ల ఒకతె తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, మూల బెంచీ మీది ముసలాయన మోకాలు పట్టుకుంది.

"తీసుకెళ్ళండి! ముందు పిల్లను తీసుకెళ్ళండి!"

ముసలాయన అరుపుకి ఆసుపత్రి హాలంతా ఉలిక్కిపడింది. పిల్ల కెవ్వుమంది. తల్లి పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుని, ఆయన్ని కొరకొరా చూసుకుంటూ పోయింది.

ముసలాయన చేతులు రెండూ చంకల్లో దోపుకుని గోడకు అతుక్కుపోయాడు.

లోపలి నుంచి ల్యాబ్ అమ్మాయి ఒంటికాలి మీద లేచి వచ్చింది.

"పసిపిల్ల మీద అరుస్తారేంటండీ? అదేమన్నా మిమ్మల్ని కరిచిందా?"

"తప్పేనమ్మా," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

ఆ ఆసుపత్రి మేడ మీద కోపం గురించి పరిశోధన జరుగుతోంది. పట్టరాని కోపం ఉన్నవాళ్ళ దగ్గర రక్తమూ, వెన్ను నీరూ తీసుకుంటారు. మెదడు రసాయనాల్లో తేడా ఏమిటో, అది తల్లిదండ్రుల నుంచి జన్యువుల్లో దిగుతుందేమో చూస్తారు. ఎవరి పేరూ అడగరు. సీసా మీద నంబరే.

ముసలాయన తనంతట తానే వచ్చి చేరాడు. ఎప్పుడొచ్చినా అందరికీ దూరంగా ఆ మూలే కూర్చుంటాడు. దాంతో స్టాఫ్ ఆయనకు 'ఆమడదూరం తాత' అని పేరు పెట్టేశారు.

పెట్టినవాళ్ళు ల్యాబ్ అమ్మాయినీ వదల్లేదు. ఆమె చాటుపేరు 'చిటపట'. కోపం ముక్కు మీదే ఉంటుంది. టీ చల్లారినా భగ్గుమంటుంది.

"అన్నీ మీ నాన్న పోలికలే!" అనేది తల్లి, బతికున్నన్నాళ్ళూ.

ఆ నాన్న ఎలా ఉంటాడో ఆమెకు తెలియదు. తను పాకే వయసులో ఉండగా, భార్యకు ఒక్క ముక్కైనా చెప్పకుండా ఇల్లు వదిలి పోయాడట. ఉన్న ఫొటోలన్నీ తల్లి పొయ్యిలో పెట్టేసింది.

ఆ మనిషి ఎప్పుడైనా కనబడితే ఒక్కటే అడగాలి. ఎందుకు వెళ్ళావు?

చదువంతా చదివి ఆమె ఈ ల్యాబ్‌నే వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ ప్రశ్నే.

ఆ రోజు చిటపట సూదితో రక్తం తీస్తుంటే తాత అడిగాడు.

"ఇంతకీ నా రోగమేంటమ్మా?"

"కోపానికి బ్రేకు వేసే రసాయనం ఒకటుంటుంది మెదడులో. మీకది బాగా తక్కువ. పుట్టుకతోనే వచ్చినట్టుంది."

"బ్రేకుల్లేని బండినన్నమాట!" నవ్వాడు. "అందుకే తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేశాలే."

"అంటే?"

"నాకో కూతురుండేదమ్మా. ఒకరోజు పాలగిన్నె తన్నేసింది. అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. గోడకేసి కొడదామని రెండు చేతులా పైకెత్తాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్ల నవ్వింది. ఆడిస్తున్నాననుకుంది, పిచ్చిది."

ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"దించేసి, వాళ్ళమ్మ వచ్చేదాకా గుమ్మం బయటే కూర్చున్నా. ఆవిడ లోపలికెళ్ళగానే లేచి వచ్చేశా. ఆ నవ్వు చూసి అప్పటికి ఆగాను. మళ్ళీ ఆగుతానని నమ్మకమేంటి?"

ఇంకొకరైతే కళ్ళు తుడుచుకునేవారేమో. చిటపటకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"పారిపోయిన ప్రతి మగాడి దగ్గరా ఇలాంటి కథ ఒకటి ఉంటుందిలెండి. ఆ పిల్ల ఏమైపోయిందో ఎప్పుడైనా చూశారా?"

"బడి గేటు దాకా వెళ్ళానమ్మా ఒకసారి. అక్కడెవరో కాలు తొక్కారు. వాడి గొంతు పట్టుకోబోయాను. అటునుంచి అటే తిరిగొచ్చేశా."

"బాగుంది. చేతులు దులుపుకోవడానికి మీకో జబ్బు దొరికింది."

సూది లాగి, దూదిని బల్ల మీద పడేసింది. ఆయనే తీసుకుని అద్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"నేను పోయాక నా మెదడు కూడా తీసుకోండమ్మా. ఏ పిల్లకైనా వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉండిపోయే మందు దొరుకుతుందేమో."

ఆమె తలెత్తి చూడలేదు.

చలికాలంలో ఆయన పోయాడు. గుండె ఆగిందన్నారు. మెదడు మంచుపెట్టెలో మేడ మీదికి వచ్చింది. నా అన్నవాళ్ళెవరూ రాకపోతే ఆసుపత్రివాళ్ళే సాగనంపారు.

ఆ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. పనిచేసేవాళ్ళ జన్యువులను కూడా ముందే చదివి పెట్టుకుంటారు. వాళ్ళ ఉమ్మి తుంపరో, చర్మపు పొలుసో శాంపిల్‌లో పడితే యంత్రం పట్టేస్తుంది.

జన్యువులు చదవడానికి తాత శాంపిల్ మొట్టమొదటిసారి పెట్టగానే యంత్రం చిటపటను పట్టేసింది.

"గ్లౌజులు వేసుకోలేదా?" ప్రొఫెసర్ కస్సుమన్నాడు. "పాపం, ఆ పెద్దాయన ఇచ్చిపోయింది పాడుచేస్తావా?"

"వేసుకున్నాను సార్!"

పౌరుషం కొద్దీ కొత్త ముక్క తీసి మళ్ళీ చేసింది. మళ్ళీ తనే వచ్చింది. ఆఖరికి ఇంకొకరి చేత చేయించి, తను ఆ గది ఛాయలకే పోలేదు. అయినా తనే.

ఈసారి ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదికి వంగాడు.

"నీ కణాలు పడుంటే నీదంతా కనబడాలి కదమ్మా? ఇదేంటి, ప్రతిచోటా సగమే కలుస్తోంది!"

అని, అక్కడే ఆగిపోయాడు.

ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రోజూ చూసే పనే. అలా ప్రతిచోటా సగం కలిసేది కన్నవాళ్ళతోనే.

చూసుకుంటే, ఆమె చేతులు రెండూ చంకల్లో బిగుసుకుని ఉన్నాయి.

"ఆయన నీకెప్పుడూ ఏమీ చెప్పలేదా అమ్మా?" అన్నాడు ప్రొఫెసర్ మెల్లగా.

"చెప్పాడు సార్," అంది మంచుపెట్టె వంకే చూస్తూ. "ఎందుకు వెళ్ళాడో నేనడక్కుండానే చెప్పాడు. ఆ రోజు ఆయన చేతుల్లో నవ్విన పిల్లను నేనే."