గుమ్మడికాయ కొట్టిన రోజు

ఫిల్మ్ కాలేజీ పరీక్ష కోసం సంహిత తీసిన చిన్న సినిమా మూడు వారాలుగా కుదురుగా ఉండటం లేదు. రాబోయే ఆ కాలంలో సినిమాలన్నీ అంతే. చూసేవాళ్ల మనసు పసిగట్టి, వాళ్లకు నచ్చేట్టు తమంతట తామే మారిపోతాయి. అమ్మ చూస్తే కథానాయిక ఇంటికి తిరిగొచ్చింది, పక్కింటావిడ చూస్తే పెళ్లి చేసుకుంది. అందరూ బ్రహ్మాండం అన్నారు. తను తీసిందేమిటో తనకే గుర్తురాక, సంహిత కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"గుమ్మడికాయ ఎప్పుడు కొడతావమ్మా?" అన్నాడు తాతయ్య. కృష్ణానగర్‌లో నలభై ఏళ్లు లైట్‌మ్యాన్‌గా చేసిన మనిషి. సినిమా పూర్తయితే గుమ్మడికాయ కొట్టడం ఆయన నాటి ఆనవాయితీ.

"ఇప్పుడెవరూ కొట్టరు తాతయ్యా. సినిమా అయిపోవడమంటూ ఉంటేగా!"

"అయిపోనిదాన్ని తీశానని ఎలా చెప్పుకుంటావే?"

ఆ మాట గుచ్చుకుంది. మారని సినిమాకు మార్కులు రావని తెలిసీ, మొదట తను రాసుకున్న ముగింపే పెట్టి, ఇక మారకుండా తాళం వేసింది. గేటు ముందు గుమ్మడికాయ పగలగొట్టి, తాతయ్యకు సినిమా చూపించింది.

ఆయన చివరిదాకా చూసి మొహం చిట్లించాడు. "ఆ పిల్లను అలా నడిరోడ్డు మీద వదిలేశావేంటమ్మా? క్లైమాక్స్ ఏం బాలేదు."

సంహిత ఎగిరి గంతేసింది. "బాలేదు కదా! అది నాదే తాతయ్యా!"